పికప్ లిఫ్ట్, కొత్త సస్పెన్షన్, అలైన్‌మెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

పికప్ ఎత్తు పెంచినవాళ్లకీ, పెంచాలనుకునేవాళ్లకీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇందులో ఎక్కువ భాగం ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది), వెనక కమాన్ కట్టలు ఉన్న హైలక్స్, డీమాక్స్, రేంజర్ లాంటి బళ్ల గురించే. ముందు కూడా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) ఉన్నవాళ్లకి ఒక ప్రశ్న విడిగా పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

లిఫ్ట్ అంటే స్పేసర్లు వేస్తే సరిపోదా? షాక్‌లు, స్ప్రింగ్‌లు మొత్తం మార్చాలా?

ఎత్తు ఒక్కటే కావాలంటే స్పేసర్ (మధ్యలో పెట్టే దిమ్మ) చాలు. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే భాగం) పైన పెట్టే 25 మిల్లీమీటర్ల స్పేసర్ చక్రం దగ్గర దాదాపు 50 మిల్లీమీటర్లు లేపుతుంది, ఎందుకంటే స్ట్రట్ కింది ఆర్మ్‌కి (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చెయ్యికి) సుమారు మధ్యలో తగులుకుని ఉంటుంది. కానీ లోపల ఉన్నది అదే పాత షాక్. పైగా స్ట్రట్ మొత్తం కిందికి జరిగింది కాబట్టి చక్రం వేలాడినప్పుడు మునుపటికంటే కిందికి దిగుతుంది, ఆ భారం బాల్ జాయింట్ మీదా, యాక్సిల్ జాయింట్ మీదా పడుతుంది. పెద్ద గుంతలో పడ్డప్పుడు బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలకముందే షాక్ అడుగంటే ప్రమాదం కూడా ఉంది.

స్ప్రింగ్ కింద పెట్టే స్పేసర్ కథ వేరు. స్ట్రట్ పొడవు మారదు, స్ప్రింగ్ మాత్రం ముందే ఎక్కువ నొక్కుకుని కూర్చుంటుంది. అంటే పెరిగిన ఎత్తంతా చక్రం కిందికి దిగే ప్రయాణంలోంచి తీసుకున్నదే. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు పైనుంచి 'ధన్' అని వినిపిస్తే షాక్ పూర్తిగా సాగి ఆగిందని అర్థం. ఆ ఎత్తుకి తగ్గ పొడవు, ఆ స్ప్రింగ్‌కి తగ్గ వాల్వింగ్ (షాక్ లోపల నూనె ప్రవాహాన్ని అదుపు చేసే ఏర్పాటు) ఉన్న షాక్‌లు వేసుకుంటే ఈ తంటాలు ఉండవు. మట్టి రోడ్ల మీద తిరిగే బండికైతే స్పేసర్ మీద పెట్టే డబ్బు కూడా దాచుకుని కొన్నాళ్లు ఆగమనే చెబుతాను.

ఎంత ఎత్తు వరకు పెంచితే గొడవ ఉండదు?

ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి 50 మిల్లీమీటర్లు హాయిగా సరిపోతుంది. 75 దాకా వెళ్లొచ్చు గానీ అక్కడ పై ఆర్మ్‌లు మార్చాల్సి వస్తుంది. అది దాటితే ఆర్మ్‌లు, డిఫరెన్షియల్ అన్నిటినీ కిందికి దించే బ్రాకెట్ కిట్ కావాలి, అది పూర్తిగా వేరే స్థాయి పని. ఎత్తు పెరిగేకొద్దీ బండి బరువు కేంద్రం కూడా పైకి పోతుంది, మలుపుల్లో ఒరుగుతుంది. ఎంతవరకు చట్టబద్ధమో దేశాన్ని బట్టి మారుతుంది. మీ వాహన రిజిస్ట్రేషన్ నిబంధనలు, ఇన్సూరెన్స్ షరతులు రెండూ డబ్బు కట్టకముందే చూసుకోండి.

హెవీ డ్యూటీ స్ప్రింగ్ తీసుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది కదా?

రాదు. స్ప్రింగ్‌ని ఎంచుకోవాల్సింది బండి మీద రోజూ ఉండే బరువును బట్టి. ఇనుప బంపర్, వించ్ పెట్టినవాళ్లకి ముందు గట్టి స్ప్రింగ్ కావాలి. ఏమీ లేని బండికి అదే స్ప్రింగ్ వేస్తే ముక్కు ఎత్తుకుని నిలబడుతుంది, చిన్న గతుకుకీ ఎగిరిపడుతుంది. వెనక 300 కేజీల స్థిరమైన లోడుకి తయారైన కమాన్ కట్ట ఖాళీ బండికి వేస్తే నడుం నొప్పి గ్యారంటీ. వేబ్రిడ్జి మీద ముందు చక్రాలని ఒకసారి, వెనక చక్రాలని ఒకసారి తూకం వేయించండి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే ఏ స్ప్రింగో అమ్మేవాళ్లే కచ్చితంగా చెప్పగలరు.

ఇంకో పొరపాటు కూడా తరచూ వింటాను, ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని. మామూలు సమాన చుట్ల స్ప్రింగ్‌కి గట్టిదనం మారదు, ఎత్తు మాత్రమే మారుతుంది.

పై కంట్రోల్ ఆర్మ్‌లు నిజంగా కావాలా, లేక అమ్ముకోడానికి చెబుతున్నారా?

50 మిల్లీమీటర్లలోపు చాలా బళ్లకి అవి లేకుండానే గడిచిపోతుంది. ఆ పైన మాత్రం రెండు కారణాలకి కావాలి. మొదటిది, ఆర్మ్ కిందికి వంగి బాల్ జాయింట్ తన హద్దు చివరికి చేరుతుంది, ఒక్కోసారి ఆర్మ్ వెళ్లి స్ప్రింగ్‌కే రాసుకుంటుంది. రెండోది కాస్టర్, అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం (అలైన్‌మెంట్ భాగంలో వివరించాను). ఎత్తు పెరిగాక తగ్గిపోయిన కాస్టర్‌ని కింది ఆర్మ్ సర్దుబాటుతో పూర్తిగా వెనక్కి తేలేం. మార్కెట్లో దొరికే పై ఆర్మ్‌లలో బాల్ జాయింట్‌ని కాస్త వెనక్కి పెట్టి తయారు చేస్తారు, ఆ తగ్గిన కాస్టర్ అక్కడ తిరిగొస్తుంది. కొనేటప్పుడు చూడాల్సింది రంగు, బ్రాండ్ కాదు. బుష్‌లు, బాల్ జాయింట్ విడిగా దొరుకుతాయా లేదా అన్నది అడగండి.

265/70 ఆర్17 తీసి 285/70 ఆర్17 వేస్తే ఏం మారుతుంది?

వ్యాసం సుమారు 803 మిల్లీమీటర్ల నుంచి 831కి పెరుగుతుంది. యాక్సిల్ కింద ఖాళీ పెరిగేది అందులో సగం, 14 మిల్లీమీటర్లు. స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు మునుపటికంటే మూడున్నర శాతం ఎక్కువ వేగంలో ఉంటారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు వెనక అంచుకీ, ఛాసిస్ మౌంట్‌కీ రాసుకోవచ్చు. కాస్టర్ పెంచినప్పుడు చక్రం కొద్దిగా ముందుకి జరుగుతుంది కాబట్టి వెనక రాపిడి తగ్గి, ముందు బంపర్ వైపు మొదలవ్వచ్చు.

## బిగించే రోజు

ఇంట్లో నేనే బిగించుకోవచ్చా?

పానాలు పట్టడం అలవాటుంటే, సమతల నేల ఉంటే బిగించుకోవచ్చు. మొదటిసారి అయితే రెండు రోజులు పెట్టుకోండి. జాకీ లేపడానికి మాత్రమే, బండి కిందికి దూరేముందు స్టాండ్‌ల మీద నిలబెట్టాల్సిందే. తుప్పు పట్టిన బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

ఒక్క పని మాత్రం ఇంట్లో వద్దు. పాత స్ట్రట్ పైనుండే మధ్య నట్టు విప్పి స్ప్రింగ్ మార్చడం. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగ్ విడిపోతే మనిషి ప్రాణం తీస్తుంది. చవకరకం స్ప్రింగ్ కంప్రెసర్‌ని నేను నమ్మను. పూర్తిగా జత చేసి వచ్చిన స్ట్రట్‌లు కొనండి, లేదా గోడకి బిగించిన ప్రెస్ ఉన్న షాపులో ఆ ఒక్క పని చేయించుకోండి.

మొదలుపెట్టేముందు ఏం కొలవాలి?

నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచుకి ఎంతుందో. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, టైరు అరుగుదల కూడా కలిసిపోతాయి. పాత అంకెలు రాసుకోకుండా విప్పేసినవాళ్లు తర్వాత 'ఎంత లేచింది' అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

బుష్ బోల్టులు బండి నేల మీద ఉన్నప్పుడే బిగించాలంటారు. అంత తేడా ఏముంటుంది?

ఈ మొత్తం పనిలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. ఆర్మ్ బుష్ అంటే ఇనుప గొట్టం, దాని చుట్టూ అతుక్కుని రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్‌కి లాక్ అయిపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ కదిలినప్పుడు గొట్టం తిరగదు, రబ్బరు మెలి తిరుగుతుంది. కాబట్టి బండి మామూలుగా నిలబడే ఎత్తులో రబ్బరు మెలి లేకుండా ఉండాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించిన క్షణం నుంచే రబ్బరు మెలి తిరిగి ఉంటుంది. ఆపైన ప్రతి గుంతా దాన్ని ఇంకా తిప్పుతుంది.

ఇదంతా తెలిసీ ఒకసారి చీకటి పడుతోందని నేనే తప్పు చేశాను. బండి స్టాండ్ మీదుండగానే కింది ఆర్మ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో 'టక్' అనేదాకా బిగించేశాను. మర్నాడు చూస్తే ముందుభాగం అనుకున్నదానికంటే వేలు మందం ఎత్తులో ఉంది, నడక చెక్కబండిలా ఉంది. స్ప్రింగ్ సర్దుకుంటుందిలే అనుకున్నాను. కొన్ని నెలలకి కటకట మొదలైంది. బోల్టు విప్పి చూస్తే బుష్ రబ్బరు నెలవంకలా చీలి, వేలు పెడితే నల్లటి పొడి రాలుతోంది.

పద్ధతి ఇది: అన్ని బోల్టులూ చేత్తో బిగుసుకునేంత వరకే పెట్టండి. చక్రాలు వేసి, బండి నేల మీదకి దించి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నడిపి, బంపర్ నాలుగుసార్లు నొక్కి, అప్పుడు కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి బిగించండి. కిందికి దూరే జాగా లేకపోతే చక్రాలు ర్యాంపుల మీదకి ఎక్కించండి. కమాన్ కట్ట కన్ను బోల్టులకి, షాకిల్ (కట్ట కొసని ఛాసిస్‌కి వేలాడదీసే పట్టీ) బోల్టులకి కూడా రబ్బరు బుష్ ఉంటే ఇదే పద్ధతి.

పాత యూ బోల్టులు (కమాన్ కట్టని యాక్సిల్‌కి బిగించేవి) బాగానే ఉన్నాయి, మళ్లీ వాడొచ్చా?

వద్దు. బిగించినప్పుడు అవి సాగుతాయి, మరలు కూడా అరుగుతాయి, రెండోసారి అదే పట్టు రాదు. కొత్తవి వేసేటప్పుడు నాలుగు నట్లనీ ఎక్స్ ఆకారంలో మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. కమాన్ కట్ట సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో టార్చి వేసి చూడండి. అది అంచు మీద ఎక్కి ఉంటే యాక్సిల్ వంకరగా బిగుసుకుంటుంది.

వెనక యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య బ్లాకులు (దిమ్మలు) పెడితే చాలదా, కమాన్ కట్ట మొత్తం ఎందుకు?

చిన్న ఎత్తుకి ఒక్క బ్లాకు చాలు. ఒకదాని మీద ఒకటి పెట్టకండి. బ్రేక్, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు యాక్సిల్ తిరగబోతుంది, బ్లాకు ఎత్తయ్యేకొద్దీ అది కమాన్‌ని మెలిపెట్టే బలం పెరుగుతుంది. పాత పట్టీలు ఇప్పటికే చదునుగా అయిపోయి ఉంటే బ్లాకు దండగ, కొత్త కట్ట వేయించండి. ముందు యాక్సిల్ కమాన్‌లకి బ్లాకులు ఎప్పుడూ పెట్టకూడదు.

బ్రేక్ పైపులు మార్చాలా?

కొలిచి తేల్చాలి. చక్రం పూర్తిగా వేలాడనిచ్చి, స్టీరింగ్ ఒకసారి పూర్తిగా ఎడమకి, ఒకసారి కుడికి తిప్పి చూడండి. బ్రేక్ గొట్టం గానీ, ఏబీఎస్ వైరు గానీ బిగుతుగా లాగినట్టుంటే బ్రాకెట్ మార్చాలి లేదా పొడవుది వేయాలి. పని జరుగుతున్నంతసేపూ కాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకండి, తీగతో ఛాసిస్‌కి కట్టండి.

చాలామంది మర్చిపోయేది వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య చిన్న రాడ్డుతో ఉండే వాల్వు. లోడు ఎక్కితే వెనక భాగం దిగుతుంది, ఆ రాడ్డు కదిలి వెనక బ్రేకులకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. బండి ఎత్తు పెంచితే ఆ వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటుంది, వెనక బ్రేకులు తగ్గిపోతాయి. మీ బండికి అది ఉంటే రాడ్డుని తిరిగి సరైన చోటికి తెచ్చే బ్రాకెట్ పెట్టాల్సిందే.

డిఫరెన్షియల్ దించే స్పేసర్లు అవసరమా?

75 మిల్లీమీటర్ల దగ్గర ఫోర్ బై ఫోర్ బండికి యాక్సిల్ షాఫ్ట్ కోణం బాగా నిటారుగా అవుతుంది, అక్కడ ఉపయోగం ఉంటుంది. బదులుగా డిఫరెన్షియల్ కింద ఖాళీ తగ్గుతుంది. 50కి నేను పెట్టను. యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు బూటు మడతల దగ్గర పగుళ్లు, రిమ్ము లోపలివైపు చిమ్మిన గ్రీజు అప్పుడప్పుడు చూసుకుంటే చాలు.

యాంటీ రోల్ బార్ (మలుపుల్లో ఒరుగుడు తగ్గించేలా రెండు పక్కల చక్రాలనీ కలిపే కడ్డీ) లింకు బోల్టు రంధ్రంలోకి రావడం లేదు, కొట్టి దించనా?

కొట్టకండి. ఒక చక్రం పైకి, ఒకటి కిందికి ఉన్నప్పుడు బార్ మెలి తిరిగి ఉంటుంది. రెండు పక్కలా ఒకే ఎత్తుకి తెస్తే బోల్టు వేలితో దూరిపోతుంది.

## అలైన్‌మెంట్

బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలా, స్ప్రింగ్ సెటిల్ అయ్యేదాకా ఆగాలా?

రెండూ. ఎత్తు మారగానే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) కోణం మారి టో (చక్రాల ముందుకొసలు దగ్గరగానో దూరంగానో ఉండడం) బాగా తప్పుతుంది, అలాగే తిరిగితే కొత్త టైర్లు కొద్దిరోజుల్లోనే గోకినట్టు అరుగుతాయి. ఇంట్లో టేపుతో సుమారుగా సరిచేసుకోండి. రెండు ముందు టైర్ల మధ్య దూరం, హబ్ ఎత్తులో, ముందువైపు ఎంత, వెనకవైపు ఎంత అని కొలవండి. ముందువైపు 2, 3 మిల్లీమీటర్లు తక్కువుంటే షాపు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. 831 మిల్లీమీటర్ల టైరుకి 3 మిల్లీమీటర్ల తేడా అంటే మొత్తం టో 0.2 డిగ్రీలు. ఆ వారంలోనే మెషీన్ మీద చేయించి, 500 నుంచి 1000 కిలోమీటర్లు తిరిగాక ఎత్తులు మళ్లీ కొలవండి. దిగి ఉంటే ఇంకోసారి చేయించండి.

కాస్టర్, క్యాంబర్, టో అంటే తేలిగ్గా చెప్పండి.

పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు పైభాగం ఎంత వెనక్కి వాలిందో అది కాస్టర్. సైకిల్ ముందు ఫోర్క్ వాలు గుర్తు తెచ్చుకోండి, చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోయేందుకు తోడ్పడేవాటిలో అదొకటి. ముందునుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం క్యాంబర్. పైనుంచి చూస్తే చక్రాల ముందుకొసలు దగ్గరగానో దూరంగానో ఉండడం టో. టైరుని త్వరగా తినేది టో. డ్రైవర్‌ని అలసిపోయేలా చేసేది తక్కువ కాస్టర్.

రిపోర్టులో అన్నీ గ్రీన్‌లో ఉన్నాయి, అయినా హైవే మీద స్టీరింగ్ తేలిపోతోంది. ఎందుకు?

ఆ కాగితం తెచ్చి కాస్టర్ వరస చూడండి. నూటికి తొంభై కేసులు అక్కడే తేలతాయి. మెషీన్‌లో ఉండేది కంపెనీ ఎత్తుకి, కంపెనీ టైర్లకి ఇచ్చిన పరిధి. చాలా పికప్‌లకి ఆ పరిధి కిందికొస దగ్గర కూడా గ్రీనే చూపిస్తుంది. ఎడమ 1.3, కుడి 1.5 డిగ్రీలు ఉన్న బండి కాగితం మీద పాస్. పెద్ద టైర్లతో 100 దాటాక మాత్రం ఎప్పుడూ స్టీరింగ్‌ని సవరిస్తూనే ఉండాలి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు.

లిఫ్ట్ చేసిన బండికి నేను 3 డిగ్రీల పైన, వీలైతే 4 దగ్గర అడుగుతాను. క్యాంబర్ సున్నా నుంచి మైనస్ అర డిగ్రీ మధ్య, టో మొత్తం మీద కొద్దిగా లోపలికి, 0.1 నుంచి 0.2 డిగ్రీలు. షాపులో 'అలైన్‌మెంట్ చేయండి' అని వదిలేయకుండా, బండి ఎంత లేపారో చెప్పి, 'కాస్టర్ ఎంత వస్తే అంత ఇవ్వండి, రెండు పక్కలా సమానంగా' అని అడగండి. క్యాంబర్, కాస్టర్ రెండూ కింది ఆర్మ్ దగ్గరి అవే క్యామ్ బోల్టుల్లోంచి (తిప్పితే ఆర్మ్‌ని కొద్దిగా జరిపేవి) వస్తాయి. క్యాంబర్‌కి ఎక్కువ ఖర్చు పెడితే కాస్టర్‌కి మిగలదు. అన్నీ చివరిదాకా తిప్పినా 2 దాటకపోతే అది షాపువాళ్ల తప్పు కాదు, పై ఆర్మ్‌లు కావాలని అర్థం.

వరస కూడా ముఖ్యం. మొదట టైరు గాలి, బండి ఎత్తు, తర్వాత కాస్టర్, క్యాంబర్, టో అన్నిటికంటే చివర. వారాంతాల్లో బండి నిండా సామాను వేసుకునేవాళ్లు రోజూ ఉండే బరువుతోనే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లాలి.

బండి ఒక పక్కకి లాగుతోంది. ఏ పక్క తప్పో ఎలా తెలుస్తుంది?

కాస్టర్ తక్కువున్న వైపుకి, లేదా క్యాంబర్ ఎక్కువ ప్లస్‌లో ఉన్న వైపుకి లాగుతుంది. ముందు రెండు టైర్లనీ అటూ ఇటూ మార్చి చూడండి. లాగుడు రెండో వైపుకి మారితే టైరుదే తప్పు. రోడ్డు వాలు వల్ల కొద్దిగా లాగడం మామూలే.

క్యామ్ బోల్టు తిరగడం లేదు. అలైన్‌మెంట్ కాదన్నారు.

బోల్టు బుష్ గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయింది. నట్టు తిరుగుతుంది గానీ బోల్టు తిరగదు. వేడి చేస్తే రబ్బరు కాలిపోతుంది, చివరికి కోసి తీసి బుష్, బోల్టు రెండూ కొత్తవి వేయడమే దారి. కొత్తవి వేసేటప్పుడు నున్నటి భాగానికి తుప్పు పట్టనివ్వని గ్రీజు పూయండి.

నా బండికి ముందు సాలిడ్ యాక్సిల్. నాకేం మారుతుంది?

జీప్ గ్లాడియేటర్ లాంటి బళ్లలో ఎత్తు పెరగగానే ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కలకి జరగకుండా ఛాసిస్‌కి పట్టి ఉంచే కడ్డీ) యాక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది. సర్దుబాటు చేసుకునే ట్రాక్ బార్‌తో మధ్యకి తెచ్చాకే మిగతావి. కాస్టర్ కంట్రోల్ ఆర్మ్‌ల పొడవుతో వస్తుంది, క్యాంబర్ మామూలుగా మారదు. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) సర్ది స్టీరింగ్ నిటారు చేయాలి. ఒక గతుకు తగలగానే ముందుభాగం అంతా విపరీతంగా ఊగితే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపుని అణిచే చిన్న షాక్) కొనకండి. ట్రాక్ బార్ బోల్టు రంధ్రం సాగిందేమో, బాల్ జాయింట్లలో ఆట ఉందేమో చూడండి. డ్యాంపర్ ఆ జబ్బుని దాచుతుంది, అంతే.

వెనక సాలిడ్ యాక్సిల్‌కి కూడా అలైన్‌మెంట్ ఉంటుందా?

సర్దే బోల్టులు ఉండవు, కొలత మాత్రం ఉంటుంది. నాలుగు చక్రాల మెషీన్ మీద థ్రస్ట్ కోణం (వెనక యాక్సిల్ తోసే దిశకీ బండి మధ్యగీతకీ ఉన్న తేడా) చూడమనండి. అది తప్పితే బండి పీతలా కొద్దిగా పక్కకి నడుస్తుంది, స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సి వస్తుంది. కారణం సాధారణంగా సరిగ్గా కూర్చోని సెంటర్ బోల్టే.

అలైన్‌మెంట్ అయ్యాక స్టెబిలిటీ లైటు వెలిగింది.

స్టీరింగ్ నిటారుగా ఉన్న స్థానం కంప్యూటర్‌కి కొత్తగా నేర్పాలి, స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ని సున్నా చేస్తారు. అద్దం వెనక కెమెరా, ముందు రాడార్ ఉన్న బండి అయితే వాటి క్యాలిబ్రేషన్ గురించి కూడా అడగండి.

## తిరగడం మొదలయ్యాక

బోల్టులు మళ్లీ ఎప్పుడు బిగించాలి?

చక్రాల నట్లు 100 కిలోమీటర్లకి, యూ బోల్టులు 100కి ఒకసారి, 500కి ఇంకోసారి. బిగించాక నట్టు మీదుగా ఛాసిస్ దాకా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. కదిలితే గీత తెగి కనిపిస్తుంది. బాల్ జాయింట్ నట్టుకి పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి వదలకూడదు.

ముందునుంచి 'టక్ టక్' అంటోంది.

నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చిన్న గతుకులకి వస్తే రోల్ బార్ లింకు, స్ట్రట్ పై నట్లు. బ్రేక్ వేసినప్పుడే వస్తే కింది ఆర్మ్ బోల్టు వదులుగా ఉండొచ్చు, వెంటనే చూడండి. చక్రం బాగా వేలాడినప్పుడు మాత్రమే వస్తే పై ఆర్మ్ స్ప్రింగ్‌కి తగులుతోందేమో, స్ప్రింగ్ మీద మెరుస్తున్న గీత ఉందేమో వెతకండి.

బండి కదలగానే కింద వణుకు వస్తోంది, ముందు ఇలా లేదు.

వెనక ఎత్తు పెరిగాక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. రెండు ముక్కల షాఫ్ట్ అయితే మధ్య బేరింగ్‌ని స్పేసర్లతో కొద్దిగా దించితే చాలావరకు పోతుంది. లేదంటే యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య వాలు ముక్కలు పెట్టి డిఫరెన్షియల్ ముక్కుని సరిచేయాలి. వేగం పెరిగినకొద్దీ పెరిగే వణుకైతే మొదట టైరు బ్యాలెన్స్ చూడండి.

ఒక పక్క 10 మిల్లీమీటర్లు ఒరిగి ఉంది, స్ప్రింగ్ చెడ్డదా?

ఎత్తు పెంచకముందు రాసుకున్న అంకెలు తీయండి. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, డ్రైవర్ ఒకే పక్క ఉండడంతో చాలా పికప్‌లు కంపెనీ నుంచే కొద్దిగా ఒరిగి వస్తాయి. అందుకే కొన్ని కిట్‌లలో ఎడమ, కుడి స్ప్రింగ్‌లు వేర్వేరు. మీరు అవే తారుమారు చేసి ఉండొచ్చు, స్ప్రింగ్ మీది నంబరు చూడండి.

ఎదురొచ్చేవాళ్లంతా లైట్లు కొడుతున్నారు.

మీ హెడ్‌లైట్లు వాళ్ల కళ్లలో పడుతున్నాయి. ముందుభాగం వెనకకంటే ఎక్కువ లేచి ఉంటే కాంతి పైకి తిరుగుతుంది. సమతల నేల మీద గోడకి ఎదురుగా 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, లో బీమ్ పై అంచు ఎక్కడుందో టేపు అంటించి చూడండి. అది ల్యాంపు మధ్య ఎత్తుకంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందుండేలా స్క్రూ తిప్పండి. ఆటోమేటిక్ లెవలింగ్ ఉన్న బండిలో స్క్రూ తిప్పేముందు వెనక యాక్సిల్ దగ్గరి సెన్సర్ రాడ్డు చూడండి, ఎత్తు పెరిగాక అది చివరిదాకా లాగి ఉంటే లైటు తప్పు చూపిస్తూనే ఉంటుంది.